బల్ల మీద మండువా లోగిలి: బొమ్మరిల్లు కట్టే పద్ధతి

అసలు ఇంటికి పన్నెండో వంతు కొలతలో కట్టిన నా మొదటి బొమ్మరిల్లు తలుపు దగ్గరే చెడింది. ఇంట్లో మిగిలిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఒకటి ఉంటే దాన్ని కోసి, సాన పట్టి, రంగు వేసి తలుపు చేశాను. విడిగా చూస్తే ముచ్చటగానే ఉంది. పక్కన మంచం, కుర్చీ పెట్టగానే అది కోట తలుపైపోయింది. ఎందుకా అని లెక్క వేసుకుంటే అసలు ఇంట్లో ఆ తలుపు మందం 144 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర ఆరంగుళాలు. ఏనుగులొచ్చి గుద్దినా విరగదు.

ఆ రోజు నుంచి నాకో అలవాటు పట్టుకుంది. చేతిలోకి ఏ పుల్ల వచ్చినా, ఏ దారం వచ్చినా దాని మందాన్ని 12తో గుణిస్తాను. చీపురు పుల్ల మిల్లీమీటరున్నర ఉంటుంది, పన్నెండు రెట్లు వేస్తే 18 మిల్లీమీటర్లు. పాత ఇళ్ళ కిటికీ ఊచ దాదాపు అంతే. ఈ ఒక్క గుణింతం చేతికి అలవడితే మిగతా పనంతా ఓపిక మీద నడిచిపోతుంది.

ఇక్కడ నేను చెప్పేది ఒకే ఒక ఇంటి సంగతి: పెంకుల కప్పు, అరుగు, నడిమధ్య వాన పడే మండువా ఉన్న లోగిలి. బజారులో దొరికే విదేశీ కిట్లలో చలిమంట గూడు, మేడ మెట్లు, గులాబీ పువ్వుల గోడ కాగితం ఉంటాయి. వాటిలో మన రోలు ఎక్కడ పెట్టాలో తోచదు.

కొలత ముందు తేల్చుకోండి

బొమ్మరిళ్ళ లోకంలో ఎక్కువ మంది వాడేది 1:12 కొలత. అసలు ఇంట్లో అడుగు అయితే మన ఇంట్లో అంగుళం. అడుగులు, అంగుళాల్లో ఇల్లు కొలిచే మనకు ఇంతకంటే సుఖమైన లెక్క లేదు. ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అవుతాడు. ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా ఈ కొలతలోనే ఉంది. 1921-24 మధ్య కట్టిన ఆ ఇంట్లో కరెంటు దీపాలు వెలుగుతాయి, కొళాయిల్లో నీళ్ళొస్తాయి, లిఫ్టు కదులుతుంది. దాని నమూనా గీసినాయన ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ గీసిందీ ఆయనే. అంత పెద్ద పెద్ద భవనాలు కట్టిన మనిషి కూడా బొమ్మరింటి కోసం అంగుళాల్లోకి దిగాడన్నది నాకు భలే ధైర్యమిచ్చిన విషయం.

చోటు తక్కువైతే 1:24 ఉంది, అడుగుకి అరంగుళం. కానీ మొదటి ఇల్లు అందులో వద్దు, వేళ్ళు దూరవు. బార్బీ బొమ్మల సామాను దాదాపు 1:6 కొలతలో ఉంటుంది, మన ఇంట్లో పెడితే మంచం గదంతా ఆక్రమిస్తుంది. కొండపల్లి బొమ్మలకూ, ఏటికొప్పాక లక్కపిడతలకూ ఇలాంటి కొలత నియమం ఏదీ లేదు. వాటిలో సరిపోయేవి తప్పకుండా దొరుకుతాయి గానీ, కొనేటప్పుడు చేతిలో స్కేలు ఉండాలి. నేను కొలువు బొమ్మలు కొనే దుకాణంలో స్కేలు తీస్తే దుకాణం ఆయన మొదట్లో వింతగా చూసేవాడు. ఇప్పుడు ఆయనే "అమ్మా, ఇది అంగుళంన్నర ఉంది, పనికొస్తుందా?" అంటున్నాడు.

ముందుగా ఈ లెక్కలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. తలుపు ఎత్తు ఐదున్నర అంగుళాలు (పాత ఇళ్ళలో తల వంచే వెళ్ళాలి కదా). కుర్చీ కూర్చునే ఎత్తు అంగుళంన్నర, బల్ల ఎత్తు రెండున్నర. మంచం ఆరు అంగుళాల పొడవు, మూడు వెడల్పు. అరుగు ఎత్తు రెండు. ఇడ్లీ పావు అంగుళం.

ప్లాను

లోగిలి మొత్తం కట్టకండి. నాలుగు వైపులా గదులు కడితే లోపల ఏముందో చూడ్డానికి పైనుంచి తొంగి చూడాల్సిందే. ఇంటిని కేకు ముక్కలా నిలువునా కోశామనుకుని, కుడి చేతి వైపు మొత్తం తెరిచి వదిలేయండి. మన చెయ్యి, మన చూపు అటునుంచే లోపలికి వెళ్తాయి.

అడుగు చెక్క 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు. ముందు నుంచి వెనక్కి లెక్క ఇలా: అరుగు 3, ముందు గది 6, మండువా భాగం 9, వంటిల్లు 6. మండువా భాగంలో మధ్య గుంట 4 అంగుళాలు, దానికి ముందూ వెనకా రెండున్నర చొప్పున వసారా. అడ్డంగా చూస్తే ఎడమ చివర 6 అంగుళాల పడక గది, దాన్నానుకుని రెండున్నర వసారా, మిగిలిన తొమ్మిదిన్నర గుంట, తెరిచిన అంచు దాకా. ఇవి బయటి కొలతలు, గోడల మందం లోపలి నుంచే పోతుంది.

ఎత్తుల్లో గుర్తుంచుకోవాల్సినవి మూడు. వసారా స్తంభాలు 7 అంగుళాలు, గది గోడలు ఎనిమిదిన్నర, కప్పు నడికొప్పు పదింపావు దగ్గర. ముప్పై డిగ్రీల వాలు కప్పుకి ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

ఇప్పుడు మంచి బోర్డు జోలికి పోకుండా, పార్సిల్ అట్టపెట్టెలు కోసి, టేపు అంటించి ఈ ఇంటిని ఒకసారి నిలబెట్టండి. ఒక సాయంత్రం పని. రెండు రోజులు అలా బల్ల మీద ఉంచండి. వంటిల్లు ఇరుగ్గా ఉందనో, తలుపు వేరే వైపు ఉంటే బాగుండేదనో అప్పుడే తెలుస్తుంది. అట్ట ఇల్లు పీకేయడానికి ఎవరికీ మనసు నొప్పి ఉండదు.

ఏం కొనాలి

అడుక్కి 6 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొట్టుని అదిమి చేసిన బోర్డు) లేదా ప్లైవుడ్. గోడలకి 5 మి.మీ. సన్‌బోర్డు, అంటే ఫోమ్ బోర్డు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు మోడళ్ళు చేసేది దీంతోనే, వాళ్ళ కాలేజీల దగ్గరి స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫోమ్ బోర్డు అని అడిగితే రెండు రకాలు ఇస్తారు. ఒకటి ఒళ్ళంతా ఒకే ప్లాస్టిక్, నున్నగా ఉంటుంది. రెండోదానికి రెండు పక్కలా కాగితం, మధ్యలో థర్మోకోల్ లాంటి పదార్థం. కాగితం ఉన్నదానికి ఫెవికాల్ బాగా పడుతుంది, కానీ స్ప్రే పెయింటు, సూపర్ గ్లూ, రబ్బరు జిగురు తగిలితే లోపలిది కరిగి గుంటలు పడుతుంది. నేను ఒక గోడ మొత్తం అలా పోగొట్టుకున్నాను. ప్లాస్టిక్ రకం కరగదు గానీ, దానికి ఫెవికాల్ సరిగా ఆరదు, రబ్బరు జిగురో సూపర్ గ్లూనో కావాలి. ఏది కొన్నా, ముందు పనికిరాని ముక్క మీద జిగురు చుక్క వేసి ఒక రాత్రి చూడండి.

బ్లేడు మారే కట్టరు, స్టీలు స్కేలు, మూలమట్టం, 120, 220, 320 నంబర్ల గరుకు కాగితాలు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, ఒక ట్వీజరు. కట్టరు బ్లేడు ఎప్పటికప్పుడు విరిచి కొత్త మొన వాడండి. మొద్దు బ్లేడే వేలు కోస్తుంది, ఎందుకంటే మనం దాని మీద బలం పెడతాం. ఒకే దెబ్బకి తెగాలనుకోకుండా స్కేలు ఆనించి మూడు నాలుగు సార్లు లాగండి.

చెత్తబుట్టలోకి పోయేవి ఇకమీదట పోకూడదు: అగరుబత్తి పుల్లలు, కొబ్బరి ఈనెలు, చైనీస్ హోటల్ చాప్‌స్టిక్‌లు, మాత్రల రేకులు, తెగిన గొలుసు పూసలు, పార్సిల్ అట్టలు. మా ఇంట్లో నా డబ్బాని "పాత సామాన్ల కొట్టు" అంటారు. అననివ్వండి.

గోడలు: అసలు పని ఇక్కడే

పాత ఇంటిని పాత ఇల్లని కన్ను ఎలా గుర్తుపడుతుంది? పెంకుల వల్ల కాదు. కిటికీ దగ్గర గోడ మందం చూసి. అడుగు, అడుగున్నర మందం ఉన్న మట్టి గోడలో కిటికీ లోతుగా ఉంటుంది, అక్కడ పుస్తకం పెట్టుకోవచ్చు, పిల్లి పడుకోవచ్చు. మన 5 మి.మీ. బోర్డు ఒక్కటే నిలబెడితే అది రెండున్నర అంగుళాల గోడ అవుతుంది. అపార్ట్‌మెంటులో బాత్రూం గోడ కూడా అంతకంటే లావు.

అందుకని ప్రతి బయటి గోడనీ జంటగా చేయండి. ఒకే కొలతకి రెండు బోర్డులు కోసి, మధ్యలో 15 మి.మీ. మందం పట్టీలు అంచుల వెంబడీ, తలుపు కిటికీల చుట్టూ అంటించి సాండ్‌విచ్ లాగా మూసేయండి. మొత్తం 25 మి.మీ., అంటే అడుగు మందం గోడ. లోపలి అడ్డగోడలకి మధ్య పట్టీ 9 మి.మీ. చాలు. రెండో బోర్డు మూసే ముందు ఆ ఖాళీలోంచి దీపాల తీగలు లాగేసుకోండి. మూశాక గుర్తొస్తే ఏడుపే.

ఈ ఖాళీ మనకి ఇంకో వరం ఇస్తుంది, గూళ్ళు. లోపలి బోర్డుకి మాత్రమే అంగుళం వెడల్పు, అంగుళంన్నర ఎత్తున పైన గుండ్రంగా కోస్తే దీపం గూడు తయారు. వంటింట్లో ఒకటి, ముందు గదిలో తలుపుకి రెండు పక్కలా రెండు. గూడు లోపలి పక్కలకి సన్న అట్ట పట్టీ వంచి అంటించండి.

పూత: బోర్డుని 120 కాగితంతో గరుకు చేసి, వాల్ పుట్టీ పొడి మూడు వంతులు, ఫెవికాల్ ఒక వంతు, దోసెల పిండంత జారుగా అయ్యేదాకా నీళ్ళు కలిపి పాత బ్రష్షుతో పూయండి. కరెంటు బిల్లు కార్డులాంటి గట్టి అట్టతో సగం సగం సాపు చేయండి, పూర్తిగా కాదు. మూలలు, కిటికీ అంచులు తడి వేలితో ఒకసారి నిమరండి. సున్నం మీద సున్నం ఏళ్ళ తరబడి కొట్టిన గోడకి పదునైన మూల ఉండదు. ఆరాక తెలుపులో ఒక చుక్క పసుపు, ఒక చుక్క గోధుమ కలిపి వేయండి. డబ్బాలోంచి తీసిన పచ్చి తెలుపు వేస్తే ఆస్పత్రి అవుతుంది. కింద రెండంగుళాల మేర జాజు రంగు పట్టీ, అరుగు అంచుకీ అదే. పట్టీ గీతని స్కేలు పెట్టి గీయకండి, చేత్తోనే లాగండి.

పూత, రంగు అన్నీ గోడలు పడుకోబెట్టి ఉన్నప్పుడే చేయండి. నిలబెట్టాక మూలల్లోకి బ్రష్షు వెళ్ళదు. నిలబెట్టాక కీళ్ళ దగ్గర సందులు వస్తాయి, ఎంత కొలిచినా వస్తాయి. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్క ముక్కల్ని అతికి, సందుల్ని రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో పూడుస్తారు. అదే ఉపాయం ఇక్కడా: రంపపు పొట్టు, ఫెవికాల్. ఇంట్లో చింతగింజల జిగురు చేసుకోవాలని మాత్రం సరదా పడకండి. నేను ఒక ఇంటికి మైదా జిగురు వాడితే ఆర్నెల్లలో వెండిపురుగులు సంసారం పెట్టాయి.

నేల

అడుగు చెక్కకి ముందు రెండు వైపులా ప్రైమరు వేయండి. కింద ఎవరు చూస్తారని పైన ఒక్కవైపే వేస్తే తొలకరికి అది అప్పడంలా లేస్తుంది. ఒకవైపు చెమ్మ పీల్చి ఇంకోవైపు పీల్చకపోతే జరిగేది అదే.

ముందు గదికీ వసారాకీ బండలు. తాండూరు బండలైతే బూడిద నీలం, కొన్ని పసుపు. రెండడుగుల బండ మనకి రెండంగుళాల చదరం. ఒకటిన్నర మిల్లీమీటర్ల గ్రేబోర్డు కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో రంగు ఛాయ వేసి, వెంట్రుకవాసి సందు వదిలి అంటించండి. సందుల్లో పల్చని సిమెంటు రంగు నీళ్ళు పోసి తుడిచేయండి. మండువా గుంట వసారా కంటే అంగుళం లోతు ఉండాలి. అడుగు చెక్కని తవ్వక్కర్లేదు, మిగతా ఇంటి నేలని పైకెత్తితే చాలు. గుంట ఒక మూల చిన్న రంధ్రం మర్చిపోకండి, వాన నీళ్ళు పోవాలిగా.

తలుపు, గడప, కిటికీ

మామూలు ఐస్‌క్రీం పుల్ల నాలుగున్నర అంగుళాలే, తలుపుకి చాలదు. క్రాఫ్ట్ షాపుల్లో ఆరంగుళాల వెడల్పాటి పుల్లలు దొరుకుతాయి, దాదాపు 18 మి.మీ. వెడల్పు, రెండు మి.మీ. లోపు మందం. రెండు పక్కపక్కన పెడితే ఒక రెక్క. వెనక రెండు అడ్డ పట్టీలు. గుండ్రని చివర్లు కోసేయండి.

ఇనుప బందులకు పోకండి, చిన్నవి దొరికినా బిగించడం నరకం. రెక్క అంచుకి 3 మి.మీ. వెదురు పుల్ల అంటించి, పైనా కిందా మూడేసి మిల్లీమీటర్లు బయటికి వదలండి. ఆ కొసలు పై కమ్మీకీ గడపకీ వేసిన రంధ్రాల్లో తిరుగుతాయి. తలుపు రెండు రెక్కలూ అమర్చాకే పై కమ్మీ అంటించాలి, ముందు కాదు. గడప ఎత్తు సెంటీమీటరు. పసుపు రాసిన గడపకి అసలు పసుపే రాస్తే బాగుంటుందని అనిపిస్తుంది, కానీ అది వెలుతురుకి కొన్ని వారాల్లో వెలిసిపోతుంది. రంగే వేయండి. కుంకుమ బొట్టు పళ్ళు కుట్టుకునే పుల్ల కొసతో, రెండు మిల్లీమీటర్లకి మించకుండా. గడప మధ్యలో రంగు కొంచెం గీకేయండి, కాళ్ళు పడే చోటు కదా.

కిటికీ చట్రానికి ఊచలుగా అగరుబత్తి పుల్లలో చీపురు పుల్లలో, 8 మి.మీ.కి ఒకటి. అద్దం వద్దు. పాత ఇళ్ళ కిటికీలకి అద్దాలు తక్కువ, పైగా ప్లాస్టిక్ రేకు దగ్గర సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి రేకు తెల్లగా మసకబారుతుంది.

కప్పు

కప్పుని ఇంటికి అంటించేయకండి. ముందు భాగం, ఎడమ భాగం, వెనక భాగం, మూడు ముక్కలుగా చేసి తీసి పెట్టేలా ఉంచండి. ఒక్కోదానికి బయటికి ఒక వాలు, మండువా వైపు ఒక వాలు. వాసాలకి చాప్‌స్టిక్‌లు బాగా కుదురుతాయి, ఆరేడు మిల్లీమీటర్లు అంటే అసలు ఇంట్లో మూడంగుళాల వాసం.

మండువా మూలల్లో రెండు వాలులు కలిసే చోటే అందరూ చేతులెత్తేసేది. పైనుంచి చూస్తే ఆ గీత 45 డిగ్రీలే, కానీ బోర్డు వాలి ఉంటుంది కాబట్టి బోర్డు మీద 45 కోస్తే కలవదు. పైనుంచి ఐదున్నర అంగుళాలు ఉన్న చోట వాలు వెంబడి కొలిస్తే ఆరుంపావు దాటి ఉంటుంది. చూరు వెంబడి ఐదున్నర, వాలు వెంబడి ఆరుంపావు పైచిలుకు గుర్తులు పెట్టి, ఆ రెంటినీ కలిపి ఏటవాలుగా కోయాలి. ముందు చార్టు కాగితంతో కోసి చూసుకోండి. తర్వాత కూడా సందు మిగిలితే బెంగ పడొద్దు. అసలు ఇళ్ళలోనూ ఆ మూల మీద జింకు రేకు వేసేవాళ్ళు. మాత్రల రేకు ఒకటి మధ్యలో మడిచి, బూడిద రంగు వేసి అతికించండి.

పెంకులకి పార్సిల్ అట్ట. ఒక వైపు కాగితాన్ని కొంచెం తడిపి ఊడదీస్తే లోపల అలలు బయటపడతాయి. ఆ అలలు అచ్చం గూనపెంకుల వరుసే, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా. అలలకి అడ్డంగా ముప్పావు అంగుళం వెడల్పు పట్టీలు కోయండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతూ, ఒక్కో పట్టీ కింది దాని మీదికి పావు అంగుళం ఎక్కేలా అంటించండి. పై నుంచి మొదలుపెడితే వాన లోపలికి కారే కప్పు అవుతుంది, పెంకులు నేసేవాళ్ళెవరైనా చూస్తే నవ్వుతారు. ప్రతి పట్టీలోనూ అక్కడక్కడా ఒక అల దగ్గర కత్తిరించి కాస్త కిందికో పైకో జరపండి. ఎరుపు ఒక్కటే కొట్టకుండా ఇటుక రంగు, మసి గోధుమ, కొంచెం నలుపు కలిపిన ఎరుపు తలా కాస్త. చూరు దగ్గర రెండు మూడు చోట్ల నలుపు కలిసిన ఆకుపచ్చ, పాచిలా.

స్తంభాలకి 15 మి.మీ. గుండ్రటి కర్ర, కింద చదరపు రాతి దిమ్మె, పైన రెండు వైపులా చాచిన చెక్క. నగిషీ చేయలేకపోతే ఊరుకోండి, సాదా స్తంభమే మేలు. ప్లాస్టిక్ పువ్వులు అతికించిన స్తంభం పెళ్ళి మండపంలా ఉంటుంది.

దీపాలు

చిన్న ఎల్‌ఈడీలు, పసుపు కాంతివి మాత్రమే. తెల్ల కాంతి పడితే ఇంత కష్టపడి కట్టిన ఇల్లు మందుల షాపులా కనిపిస్తుంది. ఫోను ఛార్జరు నుంచి 5 వోల్టులు తీసుకుంటే ఒక్కో ఎల్‌ఈడీకి 220 ఓంల రెసిస్టరు పెట్టండి. గూట్లో నూనె దీపానికైతే 1000 ఓంలు, అప్పుడే ఆ మినుకు మినుకు వెలుతురు వస్తుంది. బల్బు కనబడకుండా దూలం వెనక దాచండి. బొత్తాం బ్యాటరీలు వాడితే పెట్టెకి స్క్రూ మూత ఉండాలి. పసిపిల్లలు వాటిని మింగితే ప్రాణానికే ముప్పు.

ఒక నులక మంచం, దగ్గరగా

సామాన్లన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది, ఒక్కటి పూర్తిగా చెప్తాను.

చాప్‌స్టిక్ నుంచి 38 మి.మీ. కోళ్ళు నాలుగు. పట్టెలకి 4 మి.మీ. వెదురు పుల్లలు, పొడుగువి రెండు 150 మి.మీ., పొట్టివి రెండు 76. కోళ్ళకి పక్కపక్క ముఖాల్లో రంధ్రాలు వేయాలి, ఒకే ఎత్తులో వేస్తే లోపల ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పొడుగు పట్టె రంధ్రం రెండున్నర మి.మీ. కిందికి, పొట్టిది రెండున్నర మి.మీ. పైకి వేయండి. ఫెవికాల్ పెట్టి బిగించి, మంచాన్ని అద్దం మీద పెట్టి ఆరనివ్వండి. ఒక కోడు ఎగిరి ఉందంటే తడిగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

నులకకి పురికొస తాడు వాడాలనిపిస్తుంది. రెండు మి.మీ. పురికొస పన్నెండు రెట్లు వేస్తే పడవ కట్టే మోకు. సన్న క్రోషియా దారం తీసుకోండి, అర మిల్లీమీటరు, సరిగ్గా నులక. దాన్ని చిక్కటి టీ డికాషన్‌లో పది నిమిషాలు ఉంచి, ఆరాక ఫెవికాల్ కలిపిన నీళ్ళలోంచి వేళ్ళ మధ్య లాగండి. నూగు అణిగిపోతుంది. కాళ్ళ వైపు అర అంగుళం వదిలి ఒక గట్టి దారం అడ్డంగా కట్టండి. తలవైపు పట్టె నుంచి ఈ దారం దాకా పొడుగు పోగులు జంటలు జంటలుగా చుట్టండి. తర్వాత సూదితో అడ్డపోగు: రెండు జంటల పైనుంచి, రెండు జంటల కిందనుంచి. తర్వాతి వరుసలో ఒక జంట పక్కకి జరగాలి, అప్పుడే ఏటవాలు గీతలు పడతాయి. చివరికి కాళ్ళ వైపు ఖాళీలో దారాన్ని వంకర టింకరగా బిగించండి.

అయిపోయిందనుకున్నాక నీళ్ళు చిలకరించి, చెంచా వెనక వైపుతో నడిమధ్య మెల్లగా నొక్కి అలాగే ఆరనివ్వండి. మంచం కుంగాలి. బిగుతుగా ఉన్న నులక మంచం కొత్త అల్లుడికి వేసింది, కుంగినది తాతయ్యది.

వంటిల్లు, చిన్న సామాను

మట్టి సామానుకి ఇంట్లోనే చేసుకునే ముద్ద ఒకటి ఉంది. కప్పు కార్న్‌ఫ్లోర్, కప్పు ఫెవికాల్, రెండు చెంచాల నూనె, రెండు చెంచాల నిమ్మరసం. పనికిరాని గిన్నెలో సన్న సెగ మీద కలుపుతూ ఉంటే పూరీ పిండిలా ముద్దవుతుంది. వేడిగా ఉండగానే మర్దించి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఒక చుక్క తెల్ల రంగు కలపకపోతే ఆరాక మసక గాజులా అవుతుంది. ఆరితే కాస్త కుదించుకుపోతుంది, అందుకని అనుకున్న కొలత కంటే పిసరంత పెద్దదిగా చేయండి. ఆవకాయ జాడీలు, రోలు, కుండలు, పొయ్యి అన్నీ దీంతోనే. జాడీకి పై సగం తేనె రంగు, కింది సగం మీగడ తెలుపు, ఆరాక గోళ్ళ రంగు పారదర్శకంది ఒక పూత. వాసెనగుడ్డ కట్టడానికి పాత చేతిరుమాలు ముక్క. చీర ముక్క అయితే నేత లావుగా కనిపిస్తుంది, మందం గుర్తుందిగా.

మాత్రల రేకుని పెన్ను వెనక భాగంతో నొక్కితే స్టీలు పళ్ళేలు. బిందెలకి పూసలు. చేటకి ఎండిన తాటాకు ముక్క, దొరక్కపోతే గట్టి కాగితం.

నా మొదటి వంటిల్లు పూర్తి చేసి మా అత్తయ్యకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత తెల్లగా ఉందేమే, ఈ ఇంట్లో పొయ్యి వెలిగించరా?" అన్నారు. నిజమే. అప్పుడు బొగ్గు ముక్కని గరుకు కాగితం మీద నూరి, మెత్తటి బ్రష్షుతో పొయ్యి పై గోడ మీద కింది నుంచి పైకి అద్దాను. దూలం అడుగున ఇంకాస్త. ఉయ్యాల బల్ల గొలుసుల దగ్గర తుప్పు రంగు, తలుపు రెక్క మీద చెయ్యి పడే చోట జిడ్డు గోధుమ, స్తంభానికి నడుము ఎత్తులో నూనె మరక. బలపం ముక్కతో గోడ మీద పాలవాళ్ళ లెక్క, నాలుగు నిలువు గీతలు ఒక అడ్డగీత. ఈ పని ఒక్క సాయంత్రమే పట్టింది. మూడు నెలల ఆదివారాలు చేసిన దానికంటే ఈ సాయంత్రానికే ఎక్కువ మార్పు వచ్చింది. అయితే ఆగాల్సిన చోట ఆగండి. బొగ్గు బ్రష్షు చేతిలో ఉంటే ఇల్లంతా తగలబెట్టబుద్ధేస్తుంది.

మనుషుల బొమ్మలు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను పెట్టను. అరుగు మీద ఒక జత చెప్పులు, పడక కుర్చీలో మడిచిన పేపరు పెడితే, మనిషి ఇప్పుడే లోపలికి వెళ్ళినట్టుంటుంది. కొలువు రోజుల్లో మాత్రం మా పిల్లలు వినరు, మండువా చుట్టూ కొండపల్లి బొమ్మలు చేరిపోతాయి. అంబారీ ఏనుగు కప్పు కంటే ఎత్తు ఉంటుంది. ఆ పది రోజులు కొలత గురించి నోరెత్తను.

తర్వాత

ఎండ తగిలే కిటికీ పక్కన ఇంటిని పెట్టొద్దు, రంగులు వెలిసిపోతాయి. వారానికోసారి పాత మేకప్ బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. తడి గుడ్డ వాడితే పుట్టీ మరకలు పడుతుంది. కార్న్‌ఫ్లోర్ ముద్దతో చేసినవాటికి వార్నిష్ పూత లేకపోతే చీమలు, బొద్దింకలు వెతుక్కుంటూ వస్తాయి. కలరా ఉండలు మాత్రం పెట్టకండి, ఆ వాసన గాలికి థర్మోకోల్ రకం బోర్డు మెత్తబడుతుంది. కప్పు ముక్కల అడుగున ఎండు వేపాకు నాలుగు రెమ్మలు, కొత్త బూట్ల పెట్టెలో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు రెండు పెట్టి, వానాకాలం వచ్చే ముందు మారుస్తూ ఉండండి.